ఫోన్లు మార్చుకుని తీసిన ఫోటోలు

పోయిన నెల ఒక ఆదివారం తెల్లవారుజామున నేనూ మా బావా ఒక చెరువు గట్టు మీద నిలబడి ఫోన్లు మార్చుకున్నాం. నా ఫోన్‌లో 5ఎక్స్ పెరిస్కోప్ లెన్స్ ఉంది, అంటే దూరంగా ఉన్నదాన్ని ఐదు రెట్లు దగ్గరగా చూపించేది. ఆయనది పాత ఫోన్, అందులో టెలిఫోటో, అంటే దూరపువి తీసే లెన్స్, అనేదే లేదు, ఒక మెయిన్ కెమెరా, ఇంకా వెడల్పుగా చూపించే ఒక అల్ట్రా వైడ్, అంతే. అంతకుముందు రెండు వారాలుగా ఏ ఫోన్ జూమ్ బాగుంటుందని నేను ఒకటే చర్చ. పోలిక వీడియోలు చూడటం, ఒకే చెట్టుని ఆరు ఫోన్లతో తీసిన ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని ఆకుల అంచులు పెద్దవి చేసి చూడటం, ఇదే పని. బావ ఓపిగ్గా విని విని చివరికి "మాటలెందుకు గానీ, అరగంట ఎవరి ఫోన్‌తో వాళ్లం తీద్దాం, ఇంకో అరగంట మార్చుకుని తీద్దాం, సాయంత్రం కూర్చుని చూసుకుందాం" అన్నారు.

సాయంత్రం ఫోటోలన్నీ ఒకే ఫోల్డర్‌లో వేసి, ఏది ఎవరిదో తెలియకుండా పేర్లు మార్చేసి, మా అక్కకి ఇచ్చాం. నీకు నచ్చినవి పది ఏరి పక్కన పెట్టమన్నాం. అక్కకి కెమెరాల మీద ఆసక్తి లేదు, ఫోటో బాగుంటే బాగుందంటుంది, లేకపోతే లేదంటుంది. పదిలో ఏడు బావవి. ఆ ఏడింటిలో నాలుగు ఆ పాత ఫోన్‌తో తీసినవి, మూడు నా ఫోన్‌తో. మిగిలిన మూడు నావి, మూడూ నా ఫోన్‌తోనే, 5ఎక్స్ లెన్స్‌తో తీసినవి.

అంటే మంచి జూమ్ లెన్స్ చేతిలో ఉన్నప్పుడు ఇద్దరం సమానం, మూడూ మూడూ. లెన్స్ లేనప్పుడు ఆయనకి నాలుగు, నాకు ఒక్కటీ లేదు. అప్పటి నుంచి ఈ లెక్క గురించే ఆలోచిస్తున్నాను. "కెమెరాదేముంది, తీసేవాడిలో ఉండాలి" అని చాలామంది తేలిగ్గా అనేస్తారు, అది నేను ఒప్పుకోను, ఆ లెన్స్ లేకపోతే నావి ఆ మూడు ఫోటోలూ ఉండేవి కావు. కానీ ఆ లెన్స్ లేని అరగంటలో నేనేం చేశానో, ఆయనేం చేశారో ఇప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే, జూమ్ గురించి నేను చదివినవన్నీ కలిపినా ఇంత తెలియలేదు.

ముందు జూమ్ సంగతి చెప్పాలి. స్క్రీన్ మీద వేలు జరిపితే 0.6 నుంచి 100 దాకా అంకెలు నున్నగా మారిపోతుంటాయి కాబట్టి లోపలెక్కడో ఒక లెన్స్ ముందుకీ వెనక్కీ కదులుతోందని అనిపిస్తుంది. దాదాపు ఏ ఫోన్‌లోనూ అలా జరగదు. (2022లో వచ్చిన సోనీ ఎక్స్‌పీరియా 1 మార్క్ 4లో 85 నుంచి 125 మిల్లీమీటర్ల దాకా నిజంగా కదిలే లెన్స్ పెట్టారు, ఈ మిల్లీమీటర్ల అంకె ఎంత పెద్దదైతే లెన్స్ అంత దగ్గరగా చూపిస్తుంది, అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.) లోపల ఉండేవి రెండో మూడో వేరు వేరు కెమెరాలు. నా ఫోన్‌లో మెయిన్ కెమెరా పాత ఫిల్మ్ కెమెరా లెక్కలో 24 మిల్లీమీటర్ల లెన్స్‌కు సమానం, టెలిఫోటో 120కి సమానం, మధ్యలో ఏమీ లేదు. అందుకే 4.9 దగ్గర తీసిన ఫోటోకీ 5 దగ్గర తీసిన ఫోటోకీ అంత తేడా ఉంటుంది. 4.9 అంటే మెయిన్ కెమెరా ఫోటోని కత్తిరించి సాగదీసినది. 5 అంటే అసలు లెన్స్.

కత్తిరించడం వల్ల ఎంత పోతుందో లెక్క వేసి చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. 50 మెగాపిక్సెళ్లంటే 5 కోట్ల పిక్సెళ్లు, ఫోటోని కట్టే చిన్న చిన్న చుక్కలు. రెండు రెట్లు దగ్గరికి లాగితే వెడల్పులో సగం, ఎత్తులో సగం పోతాయి కాబట్టి మిగిలేది నాలుగో వంతు, కోటీ పాతిక లక్షలు. ఇది చాలు, మంచి ప్రింటు కూడా వస్తుంది. మెయిన్ కెమెరాతో పది రెట్లు లాగితే నూరో వంతు, అంటే 5 లక్షలు. 50 మెగాపిక్సెళ్ల 5ఎక్స్ లెన్స్ ఉన్న ఫోన్‌లో 10ఎక్స్ దగ్గర కోటీ పాతిక లక్షలు మిగులుతాయి గానీ 100ఎక్స్ దగ్గరికి వెళ్తే అందులో నూరో వంతు, లక్షా పాతిక వేలు. స్క్రీన్ మీద కనిపించే ఫోటో ఎంత పెద్దదైనా లోపల నిజంగా ఉన్నది అంతే. పైగా ఈ సెన్సార్లలో (లెన్స్ వెనక కాంతిని పట్టే చిప్పుల్లో) చాలావాటికి నాలుగేసి పిక్సెళ్ల మీద ఒకే రంగు ఫిల్టర్ ఉంటుంది, కాబట్టి అసలు వివరం ఆ లెక్క కంటే కూడా తక్కువే.

2012లో నోకియా 808 ప్యూర్‌వ్యూ 41 మెగాపిక్సెళ్లతో వచ్చినప్పుడు చేసింది కూడా ఇదే, పెద్ద సెన్సార్ పెట్టి అందులోంచి కత్తిరించుకోమంది. ఆ తర్వాత 2016లో ఐఫోన్ 7 ప్లస్ రెండో లెన్స్‌తో 2ఎక్స్ ఇచ్చింది. అంతకు మించి వెళ్లాలంటే లెన్స్ పొడుగ్గా ఉండాలి, ఫోన్ చూస్తే పలచన, అందుకని లోపల పట్టకం పెట్టి కాంతిని తొంభై డిగ్రీలు మళ్లించి లెన్సుని ఫోన్ వెడల్పులో పడుకోబెట్టారు, పెరిస్కోప్ అంటే ఇదే. 2019లో హువావే పీ30 ప్రో ఆ పద్ధతిలో 5ఎక్స్ ఇచ్చి పేరు తెచ్చుకుంది. మరుసటి ఏడాది శాంసంగ్ గెలాక్సీ ఎస్20 అల్ట్రా వెనక భాగం మీద 100ఎక్స్ అని అచ్చు వేసి మరీ వచ్చింది. అక్కడి నుంచి అంకెల మోజు పట్టుకుంది. అదే శాంసంగ్ 2024లో ఎస్24 అల్ట్రాలో అప్పటిదాకా ఉన్న 10ఎక్స్ లెన్స్ తీసేసి 50 మెగాపిక్సెళ్ల 5ఎక్స్ పెట్టింది. పదిని ఐదు చేశారేమిటని చాలామంది విసుక్కున్నారు. నాకైతే అది సరైన నిర్ణయమే అనిపించింది. మనం ఎక్కువగా వాడేది ఐదుకీ పదికీ మధ్యనే, అక్కడ చిన్న సెన్సార్ ఉన్న పొడుగు లెన్స్ కంటే పెద్ద సెన్సార్ ఉన్న పొట్టి లెన్స్ మేలు.

ఇక ఆ పొద్దున సంగతి. మొదటి అరగంటలో బావ పది నిమిషాల పాటు ఫోన్ జేబులోంచి తియ్యనేలేదు. గట్టు మీద అటూ ఇటూ నడిచారు. నీళ్లలో పాతిన ఒక గుంజ మీద నీటికాకి వచ్చి రెక్కలు ఆరబెట్టుకుంటోంది, మధ్యలో ఎగిరిపోయి మునిగి మళ్లీ అదే గుంజ మీదకి వస్తోంది, అది గమనించారు. ఎండ ఇంకా పూర్తిగా రాలేదు, నీళ్ల మీద పల్చగా పొగమంచు. ఆయన ఎండకి ఎదురుగా, నీటి మట్టానికి దగ్గరగా, మెట్ల మీద చివరిదాకా దిగి కూర్చున్నారు. జూమ్ ముట్టుకోలేదు. ఆ ఫోటోలో నీటికాకి చాలా చిన్నది, బొటనవేలి గోరంత కూడా ఉండదు, కానీ నల్లగా, రెక్కలు విప్పి, కింద దాని నీడ, చుట్టూ వెండి రేకులాంటి నీళ్లు. పిట్ట చిన్నగానే ఉంటుందని ముందే ఒప్పుకుని, చిన్నగా ఉన్నా కనిపించేలా ఫోటో కట్టారు. అక్క మొట్టమొదట పక్కన పెట్టింది అదే.

తర్వాత ఆ పాత ఫోన్ నా చేతికి వచ్చినప్పుడు నేను చేసింది అదే పిట్టని 8ఎక్స్ దాకా లాగడం. వచ్చింది నల్లటి మచ్చ. దూరంగా ఉన్నదాన్ని దగ్గరికి లాగాలనే ఆలోచన తప్ప వేరే ఆలోచన నాకు రాలేదు. జూమ్ ఉన్న ఫోన్ రెండేళ్లుగా వాడుతున్నాను కదా, కంటికి ఏది నచ్చితే దాని మీదకి వేలు వెళ్లిపోతుంది, చుట్టూ ఏముందో చూడటం మానేశాను.

రెండోది వల విసిరే మనిషి ఫోటో. గట్టుకి అవతలి వైపు ఒకాయన మోకాలి లోతు నీళ్లలో నిలబడి వల విసురుతున్నాడు. నేను నిలబడిన చోటు నుంచే నా 5ఎక్స్‌తో తీశాను, శుభ్రంగా వచ్చింది, మొహం మీద చెమట కూడా కనిపిస్తోంది, అక్క ఎంచిన నా మూడింటిలో అదొకటి. బావ ఆయన దగ్గరికి నడిచి వెళ్లి, మాట కలిపి, తీసుకోవచ్చా అని అడిగి, నాలుగడుగుల దూరంలో నిలబడి, రెండుసార్లు ఊరికే చూసి, మూడోసారి వల గాల్లో విచ్చుకున్న క్షణంలో ఆ పాత ఫోన్ మెయిన్ కెమెరాతో తీశారు. వల ఆకాశమంతా పరుచుకున్నట్టు వచ్చింది, మనిషి దాని వెనక, చేతులు ఇంకా విసిరిన భంగిమలోనే.

ఆ ఫోటో ఏ జూమ్‌తోనూ రాదు. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ నాకు చాలా ముఖ్యమైన విషయం అనిపిస్తుంది: జూమ్ చేస్తే వస్తువు పెద్దదవుతుంది తప్ప వస్తువుల మధ్య సంబంధం మారదు. వల మనిషి కంటే ఎన్ని రెట్లు పెద్దగా కనిపించాలన్నది మనం ఎంత దూరంలో నిలబడ్డామన్న దాన్ని బట్టే ఉంటుంది, లెన్సుని బట్టి కాదు. వంద అడుగుల దూరం నుంచి చూస్తే వలా మనిషీ దాదాపు ఒకే దూరంలో ఉన్నట్టే, కాబట్టి ఏ లెన్స్ పెట్టినా వాటి కొలతలు మారవు. నాలుగడుగుల దగ్గరికి వెళ్తే వల రెండడుగుల్లో, మనిషి నాలుగడుగుల్లో. మొత్తం లెక్కే మారిపోతుంది. కాళ్లు కదిపితే వచ్చే మార్పు వేళ్లు కదిపితే రాదు.

అలాగని దగ్గరికి వెళ్లడమే గొప్ప అనడం లేదు. కాళ్లు వెళ్లలేని చోట్లు బోలెడు. పిట్టలు, స్టేజీ మీద పిల్లలు, ఆటల మైదానం, నది అవతలి ఒడ్డు. అక్కడ జూమ్ ఉన్నవాడికే ఫోటో. అక్కడ కూడా చేతిని బట్టి తేడా వస్తుందని నా ఫోన్ ఆయన చేతిలో చూశాక అర్థమైంది.

కొంగని ఇద్దరం అదే ఫోన్‌తో, అదే 5ఎక్స్‌తో తీశాం. నాది తెల్ల కాగితం ముక్కలా ఉంది, ఈకలు లేవు. చుట్టూ చీకటి నీళ్లు ఉంటే ఫోన్ మొత్తం సీన్‌ని వెలుతురు చేసేస్తుంది, తెల్లటి పిట్ట కాలిపోతుంది. బావ పిట్ట మీద వేలు పెట్టి నొక్కి పట్టి, ఎక్స్‌పోజర్, అంటే ఫోటో వెలుతురు, కిందకి జరిపి తీశారు. ఒక్కో ఈకా లెక్కపెట్టొచ్చు. ఆయన ఒకే చోట కుదురుగా నిలబడి మోచేతులు పక్కటెముకలకి ఆనించి, గట్టు రాయికి ఫోన్ తగిలించి, ఊపిరి వదిలేశాక వాల్యూమ్ బటన్‌తో తీస్తారు. నేను ఎప్పుడూ చెయ్యి చాచి స్క్రీన్ మీద పొడుస్తాను.

అది చిన్న విషయం కాదు. మెయిన్ కెమెరా అడ్డంగా 70 డిగ్రీల పైన చూస్తుంది. 10ఎక్స్ దగ్గర 8 డిగ్రీలు. 100ఎక్స్ దగ్గర ఒక్క డిగ్రీ కూడా ఉండదు, చెయ్యి ఒక డిగ్రీ ఒరిగితే తీయాలనుకున్నది ఫ్రేములోంచే మాయమవుతుంది. ఫిల్మ్ రోజుల నుంచీ ఒక కొండగుర్తు ఉంది, లెన్స్ ఎన్ని మిల్లీమీటర్లో షట్టర్ (కాంతిని లోపలికి వదిలే తలుపు) కనీసం సెకనులో అన్నో వంతు వేగంగా ఉండాలని. 240కి సమానమైన 10ఎక్స్‌కి సుమారు 1/250 సెకను కావాలి. లెన్సులోనే ఉండి కదలికని సరిచేసే స్టెబిలైజేషన్ కొంత కాపాడుతుంది గానీ అది మన చేతి వణుకునే కాపాడుతుంది, ఎగిరే పిట్ట రెక్కని ఆపలేదు.

చేతి వణుకు గురించి ఒక అందమైన సంగతి కూడా చెప్పాలి. 2018లో పిక్సెల్ 3లో గూగుల్ తెచ్చిన సూపర్ రెస్ జూమ్ ఆ వణుకునే వాడుకుంటుంది. వరసగా చాలా ఫ్రేములు తీస్తుంది, చెయ్యి సన్నగా వణకడం వల్ల ఒక్కో ఫ్రేము పిక్సెల్‌లో కొంత వంతు పక్కకి జరుగుతుంది, ఆ సందుల్లో దొరికిన కొత్త వివరాన్ని కలిపి పెద్ద ఫోటో చేస్తుంది. ఫోన్ ట్రైపాడ్ మీద కదలకుండా ఉంటే లెన్సుని తనే కొద్దిగా కదుపుకుంటుంది. ఇది కల్పన కాదు, నిజంగా లోపలికి వచ్చిన కాంతిలోంచి తీసిన వివరం. ఇలాంటి ఇంజనీరింగ్ చూస్తే నాకు మనస్ఫూర్తిగా గౌరవం కలుగుతుంది.

దానికీ, లేనిదాన్ని గీసి చూపించడానికీ మధ్య గీత ఎక్కడుందన్నది వేరే ప్రశ్న. 2023 మార్చిలో ఒకాయన చంద్రుడి ఫోటోని కావాలనే మసక చేసి, కంప్యూటర్ స్క్రీన్ మీద పెట్టి, దూరం నుంచి శాంసంగ్ ఫోన్‌తో జూమ్ చేసి తీస్తే, మసకలో లేని గుంటలు కూడా ఫోన్ ఫోటోలో స్పష్టంగా వచ్చాయి. చాలా గొడవైంది, సీన్ ఆప్టిమైజర్ అనే ఫీచర్ చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాన్ని పెంచుతుందని కంపెనీ వివరణ ఇచ్చింది, వద్దనుకుంటే ఆపేసుకోవచ్చని కూడా చెప్పింది. 2025లో వచ్చిన పిక్సెల్ 10 ప్రో ఇంకో అడుగు వేసి 30ఎక్స్ దాటాక జెనరేటివ్ ఏఐతో, అంటే లేని వివరాన్ని ఊహించి గీసే ఏఐతో, ఫోటోని తిరగరాస్తుంది, మనుషుల మీద మాత్రం వాడదు. నేను పిట్టల ఫోటోలు తీసేది అది ఏ పిట్టో తెలుసుకోవడానికి కూడా. లకుముకి పిట్ట గొంతు మీద తెలుపు ఎక్కడిదాకా ఉందో ఫోన్ ఊహించి గీస్తే ఆ ఫోటో నాకు ఎందుకూ పనికిరాదు. మసకగా ఉన్నా సరే, అక్కడున్నదే కావాలి. ఆ రోజు 30ఎక్స్‌లో తీసిన నా లకుముకి పిట్టలు ఫోన్ స్క్రీన్ మీద మెరిసిపోయాయి, ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఆయిల్ పెయింటింగ్. అక్క ఒక్కటీ తీసుకోలేదు.

ఇంకో సంగతి, జూమ్ ఫోన్ ఉన్నవాళ్లందరికీ చెప్పాల్సింది. కిందటేడు మా అక్క కూతురు స్టేజీ మీద డాన్స్ చేస్తే వెనక వరసలోంచి 5ఎక్స్‌లో తీశాను, అన్నీ బురద బురదగా వచ్చాయి, లెన్స్ పాడైందేమో అని టెన్షన్ పడ్డాను. తర్వాత ఫోటో వివరాలు తెరిచి చూస్తే మెయిన్ కెమెరాతో తీసినట్టు ఉంది. వెలుతురు తక్కువైతే, లేదా వస్తువు మరీ దగ్గరుంటే, స్క్రీన్ మీద 5ఎక్స్ అనే చూపిస్తూ లోపల టెలిఫోటోని వదిలేసి మెయిన్ కెమెరా ఫోటోనే కత్తిరించి ఇచ్చే ఫోన్లు చాలా ఉన్నాయి. తెలుసుకోవడం తేలిక. జూమ్‌లో పెట్టి టెలిఫోటో లెన్స్ మీద వేలు అడ్డం పెట్టండి, స్క్రీన్ నల్లబడకపోతే మీరు వాడుతున్నది ఆ లెన్స్ కాదు. ఆ పాప మళ్లీ అదే డాన్స్ ఆ దుస్తుల్లో చెయ్యలేదు, ఆ ఫోటోలు అలాగే ఉండిపోయాయి.

అందుకే ఈ పోలిక ఫోటోల మీద ఇప్పుడు నా నమ్మకం తగ్గింది. ఈ నెలలో ఒక పని చేశాను. నా ఒక్క ఫోన్‌తోనే, ఒకే చోట నిలబడి, ఒకే కొమ్మని, 10ఎక్స్‌లో పదిసార్లు తీశాను. రెండు చాలా బాగా వచ్చాయి, మూడు పరవాలేదు, మిగతావి కదిలిపోయాయి. ఒకే ఫోన్, ఒకే నిమిషం, ఒకే చెయ్యి. ఒక్కో ఫోన్‌తో ఒక్కో ఫోటో తీసి పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పేవాళ్లకి ఆ రెండింట్లో ఒకటి దొరికిందో, కదిలిన ఐదింట్లో ఒకటి దొరికిందో మనకెలా తెలుస్తుంది? ట్రైపాడ్ మీద పెట్టి, ఒక్కో అంకె దగ్గర కనీసం ఐదారు తీసి, అన్నీ చూపిస్తేనే అది ఫోన్ల మధ్య పోలిక అవుతుంది.

ఇప్పుడు మేమిద్దరం చంద్రుడి మీద పడ్డాం. చంద్రుడు ఆకాశంలో అర డిగ్రీయే, ఎక్కడి నుంచి చూసినా అంతే. కాబట్టి 30 మీటర్ల ఎత్తున్న నీళ్ల ట్యాంకు పక్కన చంద్రుడు ట్యాంకంత కనిపించాలంటే ట్యాంకు నుంచి సుమారు మూడున్నర కిలోమీటర్ల దూరం పోవాలి. దగ్గరికి కాదు, దూరం. ఈ ఒక్క ఫోటోకి జూమూ కావాలి, ఎక్కడ నిలబడాలో తెలియడమూ కావాలి, ఒకటి లేకపోతే రెండోది పనికిరాదు. నా 5ఎక్స్ లెన్సులో 8000 పిక్సెళ్ల వెడల్పుకి చంద్రుడికి దక్కేది 250 పిక్సెళ్లే, కానీ అవి నిజమైన 250. సీన్ గుర్తుపట్టే ఫీచర్ ఆపేశాను.

మొన్న పౌర్ణమికి వెళ్లాం. మ్యాప్‌లో గీత గీసుకుని, మూడున్నర కిలోమీటర్ల అవతల ఒక పొలం గట్టు మీద నిలబడ్డాం. చంద్రుడు ట్యాంకుకి బాగా ఎడమగా పైకొచ్చాడు. వరి మడుల మధ్య గట్ల మీద పరుగెత్తాం. ఆకాశంలో చంద్రుడు తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలు చాలు, మేము సరైన చోటికి చేరేసరికి ట్యాంకు పైకి వెళ్లిపోయాడు. పగటి వేడికి గాలి ఇంకా సలసల కాగుతున్నట్టు కదులుతోంది, ఫోన్‌లో చంద్రుడి అంచు నీళ్లలో నీడలా వణుకుతోంది. బావ ఫోన్ కిందకి దించి ఊరికే చూస్తూ నిలబడ్డారు. నేను తీసిన ఇరవై ఫోటోల్లో ఒకదాంట్లో ట్యాంకు పైన చంద్రుడు, కొంచెం నలిగి, ఎర్రగా ఉన్నాడు. దాన్ని ఉంచాను. ఆ రోజు గట్టు మీద ఎక్కడ నిలబడి ఉండాల్సిందో అక్కడ ఒక రాయి పెట్టి వచ్చాం.